కొత్త రెప్ప మడతకు సియోల్‌లో పన్నెండు రోజులు

ఆపరేషన్‌కు పట్టేది గంట. దాని కోసం చేసే ప్రయాణానికి మాత్రం పన్నెండు రోజులు కావాలి. ఈ లెక్క ముందే కుదుర్చుకోనివాళ్లు ఐదు రోజులకు టికెట్టు కొనుక్కుని, కుట్లు విప్పకుండానే విమానం ఎక్కుతారు. ఇంటికొచ్చాక "ఎవరో వేసిన కుట్లు మేం ముట్టుకోం" అనే డాక్టర్ల చుట్టూ తిరుగుతారు. పై రెప్పల మీద మడత వేయించుకోవడానికి దక్షిణ కొరియా రాజధాని సియోల్ వెళ్లేవారి రోజులు ఎలా గడవాలో, ఏ రోజు ఏది తప్పితే ఏమవుతుందో ఇక్కడ వరసగా రాస్తున్నాం.

ఈ లెక్క కోత పద్ధతికి వేసింది. కోత లేకుండా దారంతోనే మడత పట్టించే పద్ధతి అయితే ఏడెనిమిది రోజులు చాలు. కానీ మీ రెప్పకు ఏది సరిపోతుందో డాక్టరు ఎదుట కూర్చునేదాకా తేలదు. ఫోటోలు పంపితే వచ్చే జవాబు ఊహ మాత్రమే. తేదీ మార్చుకునే వీలున్న టికెట్టుకు నాలుగు డబ్బులు ఎక్కువ పెట్టడం ఈ ప్రయాణం మొత్తంలో తెలివైన ఖర్చు.

బయలుదేరే ముందు నెల

ముందు మడత ఎలా పడుతుందో తెలియాలి. పై రెప్పను ఎత్తే కండరం పేరు లెవేటర్. కిందికి వచ్చేకొద్దీ అది పలుచటి పొరగా మారి, రెప్ప లోపలుండే టార్సస్ అనే గట్టి పలకకు అతుక్కుంటుంది. ఆ పొర నుంచి సన్నటి పోగులు చర్మం దాకా వస్తే, కన్ను తెరిచినప్పుడల్లా చర్మం అక్కడ లోపలికి లాగబడి మడత పడుతుంది. పోగులు చర్మాన్ని అందుకోకపోయినా, కంటి గూటిలోని కొవ్వు కిందిదాకా దిగి అడ్డుపడినా రెప్ప నున్నగా ఉంటుంది. తూర్పు ఆసియా వాళ్లలో ఇది సర్వసాధారణం, లోపం కాదు. చర్మాన్నీ, ఎత్తే పొరనూ కృత్రిమంగా కలపడమే ఆపరేషన్ సారాంశం. జపాన్ వైద్యుడు మికామో 1896లోనే దారంతో ఈ పని చేసే పద్ధతిని రాసి పెట్టాడు. ఆ తర్వాత వచ్చినవన్నీ ఆ ముడిని మరింత గట్టిగా, మరింత సహజంగా వేయడానికి కనిపెట్టిన మార్గాలే.

ఇంటి దగ్గర కంటి డాక్టరును కలవడం మొదటి పని. కన్ను పొడిబారే తత్వం ఉందో లేదో చూడాలి. షిర్మర్ పరీక్షలో కింది రెప్పకు సన్నటి కాగితపు పట్టీ తగిలించి 5 నిమిషాలు ఆగుతారు. తడి 10 మిల్లీమీటర్లు దాటకపోతే పొడి కన్నుగా అనుమానించాలి, 5 కూడా దాటకపోతే తీవ్రమైనదనే అర్థం. అలాంటి కంటికి రెప్ప ఆపరేషన్ చేస్తే నెలల తరబడి మంట, ఇసుక పడినట్టు గరగర. థైరాయిడ్, బీపీ, షుగర్ పరీక్షలు కూడా అప్పుడే చేయించాలి. థైరాయిడ్ వల్ల కంటిగుడ్లు ముందుకొచ్చినవాళ్లకు, ఆ జబ్బు నెలల తరబడి నిలకడగా ఉందని తేలేదాకా ఈ ఆపరేషన్ వద్దు. లేసిక్ చేయించుకున్నవాళ్లు కనీసం 3 నుంచి 6 నెలలు ఆగాలి.

కాంటాక్ట్ లెన్సుల సంగతి చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. మెత్తని లెన్సులు ఆపరేషన్‌కు ఒకటి రెండు వారాల ముందు మానేయాలి, గట్టివి ఇంకా ముందు. గట్టి లెన్సులు ఏళ్ల తరబడి వాడితే రెప్ప దానంతటదే వాలుతుంది. ఆ వాలును మడత లేకపోవడంగా పొరబడి మడత ఒక్కటే వేయిస్తే, నిద్రమత్తు ముఖం అలాగే ఉండి మడత మాత్రం అదనంగా కనిపిస్తుంది. ఐదేళ్లవి, పదేళ్లవి పాత ఫోటోలు వెంట తీసుకెళ్లమనేది అందుకే. రెప్ప పుట్టుకతోనే ఇలా ఉందా, మధ్యలో వాలిందా అన్నది వాటిలో తెలుస్తుంది.

రక్తం పలచబరిచేవి రెండు వారాల ముందు ఆపాలి: ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్, నాప్రోక్సెన్ లాంటి నొప్పి మాత్రలు, చేప నూనె, విటమిన్ ఇ, జింకో, జిన్‌సెంగ్, వెల్లుల్లి మాత్రలు. గుండెకో మెదడుకో సంబంధించి ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వాడేవాళ్లు మాత్రం సొంతంగా ఆపకూడదు. రాసిన డాక్టరు ఒప్పుకోకపోతే ప్రయాణమే వాయిదా వేసుకోవాలి. సిగరెట్టు నాలుగు వారాల ముందు మానాలి. అతికించిన కనురెప్పల వెంట్రుకలు, జెల్ నెయిల్ పాలిష్ తీసేయాలి. మత్తులో ఉన్నప్పుడు ఆక్సిజన్ కొలిచే క్లిప్పు పెట్టేది వేలి గోరు మీదే.

ఇక కాగితాలు. వైద్యం కోసం కొద్ది రోజులకు వెళ్లేవారికి కొరియా ఇచ్చే వీసా సి-3-3. దీర్ఘకాల చికిత్సకు జి-1-10. క్లినిక్ నుంచి ఆహ్వాన పత్రం కావాలి కాబట్టి నెల ముందే అడగాలి. మామూలు ప్రయాణ బీమా అందం కోసం చేయించుకునే ఆపరేషన్‌నూ, దాని వల్ల వచ్చే చిక్కులనూ సాధారణంగా లెక్కలోకి తీసుకోదు. పాలసీలో మినహాయింపుల పేజీ చదివితే ఆ సంగతి తెలిసిపోతుంది.

క్లినిక్ ఎంపికలో మెరిసే ఫోటోల కంటే రెండు మొండి వాస్తవాలు నమ్మదగ్గవి. ఒకటి, విదేశీ రోగులను చేర్చుకునే క్లినిక్ కొరియా ఆరోగ్య సంక్షేమ శాఖ దగ్గర నమోదై ఉండాలి. నమోదుకు షరతుగా క్లినిక్ స్థాయిలో ఏటా కనీసం 10 కోట్ల వన్‌ల నష్టపరిహార బీమా ఉండాలి. ధ్రువపత్రం చూపించమని అడగడం మర్యాద తక్కువ పనేం కాదు. రెండోది బోర్డు. కొరియాలో ప్లాస్టిక్ సర్జరీ స్పెషలిస్టు నడిపే క్లినిక్ తన పేరులోనే 'ప్లాస్టిక్ సర్జరీ' అన్న మాట పెట్టుకోవచ్చు. స్పెషలిస్టు కాని డాక్టరు మామూలు 'క్లినిక్' అని పేరు పెట్టి, పక్కన చిన్న అక్షరాల్లో 'చికిత్స విభాగం: ప్లాస్టిక్ సర్జరీ' అని రాసుకోవాలి. భాష రాకపోయినా ఫర్వాలేదు. బోర్డు ఫోటోను అనువాద యాప్‌లో పెడితే ఆ 'చికిత్స విభాగం' ఉందో లేదో బయటపడుతుంది.

ఉచిత దుబాసీ, ఉచిత కారు ఇస్తామనే ఏజెన్సీల డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది? క్లినిక్ ఇచ్చే కమీషన్ నుంచి. చట్టం ప్రకారం చిన్న క్లినిక్ నుంచి వాళ్లు 30 శాతం దాకా తీసుకోవచ్చు. ఏజెన్సీని వాడుకోవడం తప్పు కాదు. అది సూచించే డాక్టరును తటస్థ సలహాగా నమ్మడమే తప్పు.

1వ రోజు: ఇంచన్ నుంచి గంగ్‌నమ్

ఇంచన్ విమానాశ్రయం నుంచి, సియోల్‌లో ఈ క్లినిక్‌లు గుమిగూడిన గంగ్‌నమ్ ప్రాంతం వైపు లిమోజిన్ బస్సులు ఉన్నాయి. రద్దీని బట్టి గంటా పావు నుంచి గంటన్నర దాటొచ్చు. సామాను ఉన్నవాళ్లకు మెట్రో కంటే బస్సే సుఖం. సిన్సా, అప్గుజాంగ్ స్టేషన్లు రెండూ మెట్రో 3వ లైను మీద పక్కపక్కనే ఉంటాయి. ఆ రెండింటి మధ్య వీధుల్లో ఒక్కో భవనంలో అంతస్తుకో క్లినిక్ కనిపిస్తుంది. ఎంత దగ్గరగా ఉంటే అంత మేలు కాబట్టి బస క్లినిక్‌కు నడిచివెళ్లే దూరంలో చూసుకోవాలి.

గది ఎంచుకునేటప్పుడు కిటికీలోంచి ఏం కనిపిస్తుందని కాదు, ఫ్రిజ్‌లో ఐసు గడ్డకట్టే అర ఉందా అని అడగండి. హోటల్ గదుల్లో చాలావాటిలో ఉండదు. లిఫ్టు కావాలి, అదనంగా రెండు దిండ్లు కావాలి. నేల మీద పరుపు వేసుకునే సంప్రదాయ గది వద్దు. తల ఎత్తుగా పెట్టి పడుకోవడమూ, వంగకుండా లేవడమూ అక్కడ కుదరవు.

2వ రోజు: మాట్లాడే రోజు

ఈ ప్రయాణంలో అసలైన రోజు ఇదే. ఆపరేషన్ రోజున మీరు చేయగలిగింది ఏమీ ఉండదు. మీ నిర్ణయాలన్నీ ఇక్కడ జరుగుతాయి. రెండు క్లినిక్‌లు చాలు, మూడు దాటితే మాటలన్నీ కలిసిపోతాయి.

ముందుగా ఎదురయ్యేది డాక్టరు కాదు, సిల్‌జాంగ్ అనే కౌన్సెలింగ్ మేనేజరు. ధర చెప్పేదీ, బేరం ఆడేదీ, 'కంటి మూల కూడా తెరిపిస్తే ఇంకా బావుంటుంది' అని ప్యాకేజీ పెంచేదీ ఆ మనిషే. మర్యాదగా విని, వైద్య ప్రశ్నలన్నీ డాక్టరు కోసం దాచుకోండి. డాక్టరు మూడు నిమిషాల్లో వచ్చి వెళ్లిపోతే ఆ క్లినిక్‌ను అక్కడితో వదిలేయొచ్చు.

నిజంగా పరీక్షించే డాక్టరు ఏం చేస్తాడు? కనుపాప మధ్యలో మెరిసే కాంతి బిందువు నుంచి పై రెప్ప అంచుకు దూరం కొలుస్తాడు. 4 నుంచి 5 మిల్లీమీటర్లు ఉంటే మామూలు. బాగా తగ్గితే రెప్ప వాలినట్టు. తర్వాత కనుబొమను వేలితో నొక్కిపట్టి కన్ను తెరవమంటాడు. చాలామంది తెలియకుండానే నుదురు ముడిచి రెప్పను ఎత్తుతుంటారు. నొక్కిపట్టగానే కన్ను సగమే తెరుచుకుంటే సమస్య మడతది కాదు, ఎత్తే కండరానిది. అప్పుడు మడతతోపాటు ఆ కండరాన్ని బిగించే దిద్దుబాటు కూడా కావాలి. ఒక కంటిలోనే వాలు ఉంటే ఇంకో చిక్కు. మెదడు రెండు రెప్పలకూ ఒకే ఆజ్ఞ పంపుతుంది. వాలిన కంటిని దిద్దగానే ఆజ్ఞ బలం తగ్గి, అంతదాకా బాగున్న కన్ను కిందికి జారొచ్చు. ఈ మాట డాక్టరు తానుగా చెప్తే అతనికి పని తెలుసని అర్థం.

తర్వాత సన్నటి వంపు తిరిగిన తీగతో రెప్పను నొక్కి, మడత ఎక్కడ పడితే ఎలా ఉంటుందో అద్దంలో చూపిస్తారు. కొరియాలో వాడే మాటలు మూడు. కంటి లోపలి కొనలోని తోలు మడత కింద నుంచి మొదలయ్యేది ఇన్‌లైన్. దాని పైనుంచి మొదలై సమాంతరంగా సాగేది అవుట్‌లైన్. రెండింటి నడిమిది ఇన్‌అవుట్. లోపలి కొనలో తోలు మడత బలంగా ఉన్న కంటికి కంటి మూల తెరిపించకుండా అవుట్‌లైన్ కావాలంటే ఎత్తు పెంచాల్సి వస్తుంది. మడత లావై 'సాసేజ్ కన్ను' అని వెక్కిరించే రూపం రావడానికి మొదటి కారణం అదే.

ఎత్తు విషయంలో ఒక గందరగోళం అందరికీ ఉంటుంది. కన్ను మూసినప్పుడు రెప్ప అంచు నుంచి గీతకు ఉండే దూరం, కన్ను తెరిచాక కనిపించే మడత వెడల్పు వేర్వేరు. 6 నుంచి 8 మిల్లీమీటర్ల ఎత్తున గీసిన గీత కన్ను తెరిచాక ఒకటి నుంచి మూడు మిల్లీమీటర్లుగానే కనిపిస్తుంది. పై చర్మం దాని మీదికి వాలుతుంది కాబట్టి. 'నాకు 7 కావాలి' అంటే ఏ 7 అని ఇద్దరూ ఒప్పుకున్నాకే ముందుకు వెళ్లాలి. సందేహం వస్తే తక్కువ ఎత్తే నయం. తక్కువైన మడతను తర్వాత పెంచడం సులువు. ఎక్కువైనదాన్ని దించడం కష్టం, ఒక్కోసారి కుదరదు కూడా.

పద్ధతి సంగతి. చర్మం పలుచగా, కొవ్వు తక్కువగా, వయసు చిన్నదిగా ఉంటే దారం పద్ధతి బాగుంటుంది. వాపు తక్కువ, మచ్చ దాదాపు ఉండదు, నచ్చకపోతే తొలినాళ్లలో విప్పేయొచ్చు. బలహీనత ఏమిటంటే ఏళ్లు గడిచేకొద్దీ ముడి వదులై మడత మాసిపోవచ్చు. చర్మం మందంగా, వేలాడుతూ, కొవ్వు నిండుగా ఉంటే కోతే దారి. అలాంటి రెప్పకు దారం వేస్తామనే క్లినిక్ మీకు త్వరగా నయమయ్యే మాట అమ్ముతోంది, మడతను కాదు.

ధర చెప్పగానే ఇవి అందులో ఉన్నాయా అని అడగాలి: మత్తు, పరీక్షలు, కుట్లు విప్పడం, తర్వాతి చూపింపులు, 10 శాతం వ్యాట్. డబుల్ ఐలిడ్, అంటే ఈ రెప్ప మడత ఆపరేషన్ మీద కొరియా 2011 నుంచి వ్యాట్ వేస్తోంది. విదేశీయులకు దాన్ని వాపసు ఇచ్చే పథకం 2016లో మొదలైంది. దానికి పెట్టిన గడువు 2025 డిసెంబరు 31. పాత వ్యాసాలు చదివి ఆ డబ్బు తిరిగొస్తుందని బడ్జెట్‌లో రాసుకోవద్దు. 'ఈ రోజే అడ్వాన్స్ కడితే తగ్గింపు' అన్న మాట వినిపించగానే సంచి సర్దుకోవడం మంచి అలవాటు.

ఆపరేషన్ చేసేది మిమ్మల్ని చూసిన డాక్టరేనా? మత్తులో ఉండగా వేరొకరు చేసిపోయిన ఉదంతాలు కొరియాలో పెద్ద దుమారమే రేపాయి. ఫలితంగా 2023 సెప్టెంబరు 25 నుంచి, రోగి స్పృహలో లేకుండా ఆపరేషన్ చేసే గదుల్లో సీసీటీవీ తప్పనిసరి అయింది. కానీ రికార్డు చేయాలంటే మీరు అడగాలి. అడగకపోతే కెమెరా గోడకు వేలాడుతుంది, అంతే. నిద్రపుచ్చే మత్తు ఇస్తుంటే అడిగే హక్కు మీది. ఒట్టి స్థానిక మత్తు అయితే ఆ చట్టం వర్తించదు. దరఖాస్తు ఈ రోజే ఇచ్చేయండి. అంగీకార పత్రంలో డాక్టరు పేరు రాసి ఉండేలా చూసుకోండి.

3వ రోజు: ఖాళీ

కావాలనే ఖాళీ. నచ్చిన డాక్టరుకు మాట చెప్పడం, పత్రాలు ఇంకోసారి చదవడం తప్ప పని లేదు. 794లో కట్టిన బొంగున్సా ఆలయం గంగ్‌నమ్‌లోనే ఉంది. ఒక పూట అక్కడ నడవొచ్చు. మద్యం, ఉప్పు ఎక్కువైన నూడుల్స్ పులుసు మాత్రం వద్దు.

4వ రోజు: ఆపరేషన్

నిద్రపుచ్చే మత్తు ఉంటే 8 గంటలు పరగడుపున ఉండమంటారు. ఘనాహారానికి కనీసం 6 గంటలు, మంచినీళ్లకు 2 గంటలు అన్నది వైద్యులు పాటించే హద్దు. మీ క్లినిక్ చెప్పింది దానికంటే ఎక్కువైతే దాన్నే పాటించాలి. ముఖానికి ఏదీ రాసుకోకుండా, ముందు గుండీలున్న చొక్కాతో వెళ్లాలి. తల మీదుగా తీసే బట్టలు సాయంత్రం ఇబ్బంది పెడతాయి.

గీత గీయడం కూర్చోబెట్టి జరగాలి. పడుకుంటే చర్మం వెనక్కి జారి లెక్క మారిపోతుంది. తర్వాత కాసేపు నిద్రపుచ్చి, ఎపినెఫ్రిన్ కలిపిన లిడోకెయిన్ అనే స్థానిక మత్తు మందును ఒక్కో రెప్పకు ఒకటి రెండు మిల్లీలీటర్లు ఎక్కిస్తారు. ఎపినెఫ్రిన్ రక్తనాళాలను ముడిచి రక్తస్రావం తగ్గిస్తుంది. దానికి పనిచేసే వ్యవధి ఇవ్వకుండా వెంటనే కోసేస్తే తర్వాత కమిలే మచ్చలు పెద్దవవుతాయి.

దారం పద్ధతిలో రెప్ప మీద కొన్ని సూది రంధ్రాలు చేసి, వెంట్రుకంత సన్నని 7-0 నైలాన్‌ను చర్మం కింద నుంచి టార్సస్ వైపు తిప్పి ముడి లోపలే దాచేస్తారు. అరగంట పని. కోతలో గీత వెంట చర్మాన్ని తెరిచి, అవసరమైతే సన్నటి పట్టీ చర్మం, కొద్దిగా కండరం తీసేస్తారు. కొవ్వు సంచి తెరిచి ఎక్కువైన కాస్తా తగ్గిస్తారు. ఎక్కువ తీస్తే కన్ను గుంటపడి వయసు మీదపడినట్టు కనిపిస్తుంది, అది తిరిగి రాదు. తర్వాత కింది చర్మపు అంచును టార్సస్‌కో దాని మీది పొరకో కొన్ని చోట్ల బిగించి, పైన సన్నటి కుట్లు వేస్తారు.

మధ్యలో లేపి కళ్లు తెరవమంటారు, ఒక్కోసారి కూర్చోబెడతారు. ఎడమ, కుడి సరిచూసేది అప్పుడే. ఇందులో రెండు మోసాలున్నాయి. ఎపినెఫ్రిన్ వల్ల రెప్పలోని ముల్లర్ కండరం బిగిసి రెప్ప ఉన్నదానికంటే పైన కనిపిస్తుంది. లిడోకెయిన్ లెవేటర్‌లోకి పాకితే కిందికి వాలినట్టు కనిపిస్తుంది. అందుకే ఎంత గొప్ప చేతికైనా కచ్చితమైన సమానత్వం హామీ ఇవ్వడం కుదరదు. ఇచ్చేవాళ్ల దగ్గర జాగ్రత్త.

ఆపరేషన్ తర్వాత ఒకటి రెండు గంటలు అక్కడే ఉంచుతారు. బయటికి వచ్చే ముందు ఒక్కో కంటితో విడివిడిగా ఏదైనా చదివి చూడండి. కొరియాలో 2000 నుంచి మందులు రాసేచోటు వేరు, ఇచ్చేచోటు వేరు కాబట్టి చీటీతో దగ్గర్లోని యక్‌గుక్, అంటే మందుల షాపుకు వెళ్లాలి. వెంట వచ్చినవాళ్లకు ఆ పని అప్పగించండి.

ఈ రాత్రి ఒంటరిగా ఉండకూడదు. అరుదైనదే అయినా అత్యంత ప్రమాదకరమైనది కంటిగుడ్డు వెనక రక్తస్రావం. తగ్గని లోతు నొప్పి, ఒక కన్ను ముందుకు పొడుచుకొచ్చి రాయిలా గట్టిపడటం, చూపు మసకబారడం, రెండుగా కనిపించడం దాని గుర్తులు. చూపు నరం ఆ ఒత్తిడిని గంటన్నర, రెండు గంటలకు మించి తట్టుకోలేదు. 'తెల్లారాక చూద్దాం' అనే మాటే చూపు తీసేది. క్లినిక్ అత్యవసర నంబరుకు, అంబులెన్సు కోసం 119కి ఫోన్ చేయాలి. దుబాసీ సాయానికి 1330 పర్యాటక లైను ఉంది. వెంట ఉన్నవాళ్లు నిద్రకు ముందూ, అర్ధరాత్రీ లేపి, రెండు కళ్లతో విడివిడిగా వేళ్లు లెక్కపెట్టించడం అతిజాగ్రత్త కాదు. ముక్కి దగ్గడం, మలబద్ధకంతో ముక్కడం, బరువులెత్తడం ఇదే ఒత్తిడిని పెంచుతాయి.

5, 6 రోజులు: అద్దం చూడొద్దు

వాపు రెండో మూడో రోజున పతాక స్థాయికి చేరుతుంది. ఒక కన్ను ఎక్కువ, ఒకటి తక్కువ ఉబ్బడం మామూలే. మడత కావలసినదానికి రెట్టింపు ఎత్తున కనిపిస్తుంది. ఇప్పుడు పోల్చిచూసి ఏడవడం వృథా.

మెలకువగా ఉన్నంతసేపు గంటకోసారి 10 నుంచి 15 నిమిషాలు చల్లటి ప్యాక్. గుడ్డలో చుట్టి, నొక్కకుండా ఆనించాలి. మత్తు ప్రభావం పోకుండా ఐసును నేరుగా పెడితే చర్మం కాలినా తెలియదు. 48 నుంచి 72 గంటలు దాటాక చల్లదనం ఆపి గోరువెచ్చని కాపడానికి మారాలి. ఇంకా ఐసే పెడితే కమిలిన రక్తం కరగడం ఆలస్యమవుతుంది. నిద్రలో తల 30 నుంచి 45 డిగ్రీల ఎత్తున, వెల్లకిలా. కుట్ల గీతను సెలైన్‌తో తడిపిన దూదిపుల్లతో దొర్లించినట్టు తుడిచి, బియ్యపు గింజంత ఆయింట్‌మెంట్ పూయాలి. ఎండిన రక్తాన్ని గోటితో పీకితే కుట్టు ఊడుతుంది.

తిండి విషయంలో కొరియా ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో తీసుకుంటుంది. జుక్ అనే బియ్యపు జావ ఈ రోజులకు తగినది. పక్కన వచ్చే కిమ్చీ, పులుసులు మాత్రం ఉప్పుతో వాపును పెంచుతాయి. వాపుకు గుమ్మడి రసం తాగమని అందరూ చెప్తారు. తాగితే నష్టం లేదు, దాని మీద ఆశ పెట్టుకోవద్దు. నొప్పి పారాసిటమాల్‌తో అదుపులో ఉండాలి. ఉండకపోతే అది మాత్ర సరిపోకపోవడం కాదు, వెంటనే డాక్టరుకు చూపించాల్సిన సంగతి.

7, 8, 9 రోజులు

తేలిక నడక మంచిది, నల్ల కళ్లజోడుతో. గ్యంగ్‌బొక్‌గుంగ్ రాజభవనం చదునుగా ఉంటుంది, మంగళవారం సెలవు. కొండలెక్కడం, జిమ్జిల్‌బాంగ్ ఆవిరి స్నానాలు వద్దు. ఆవిరి నెల రోజుల దాకా నిషేధమే. కుట్లకు నీళ్లు తగలకూడదు కాబట్టి వెనక్కి వాలి తలంటించుకునే సెలూన్ ఈ మూడు రోజుల్లో పెద్ద ఊరట. పచ్చటి మచ్చ బుగ్గల మీదికి దిగుతుంది. అది కొత్త గాయం కాదు, కమిలిన రక్తం బరువుకు కిందికి జారడమే.

10వ రోజు: కుట్లు

ఆపరేషన్ నుంచి ఇది ఆరో రోజు. కుట్లు 5 నుంచి 7 రోజుల మధ్య విప్పుతారు. ముందే విప్పితే గీత విచ్చుకునే ప్రమాదం, ఆలస్యం చేస్తే దారం వెంట చర్మం లోపలికి పెరిగి తెల్లటి పొక్కులు, నిచ్చెన మెట్ల లాంటి మచ్చలు. టికెట్టు తేదీ కోసం నాలుగో రోజునే విప్పించుకోవాలని చూసేవాళ్లుంటారు. గీత విచ్చుకుంటే పోయేది విమాన ఖర్చు కంటే పెద్దది.

ఈ రోజు ఆపరేషన్ చేసిన డాక్టరే చూడాలని పట్టుబట్టండి. ఇంటికి తీసుకెళ్లాల్సిన కాగితాలు ఇప్పుడే అడగాలి: పద్ధతి, గీత ఎత్తు, ఎంత చర్మం, కొవ్వు తీశారు, లోపల మిగిలిన దారం రకం, వాడిన మందులు, ఆపరేషన్‌కు ముందూ మధ్యలో తీసిన ఫోటోలు. రెండేళ్ల తర్వాత దిద్దుబాటు అవసరమైతే కొత్త డాక్టరు మొదట అడిగేది ఇవే. ముఖం మారినవాళ్లకు పాస్‌పోర్టు తనిఖీలో చూపించడానికి ఆపరేషన్ ధ్రువపత్రం కూడా ఇస్తారు. రెప్ప మడత ఒక్కదానికే గుర్తుపట్టకపోవడం అరుదు. వాపు, మచ్చలు చూసి ప్రశ్నలు రావొచ్చు కాబట్టి ఆ కాగితం చేతిలో ఉంటే మంచిదే.

11వ రోజు

అదనపు రోజు. కుట్లు విప్పిన మర్నాడు గీత ఎక్కడైనా తెరుచుకుంటే అతుకు పట్టీ వేయించుకోవడానికి వీలుంటుంది. ఈ రోజు వెంట ఉన్నవాళ్లను మీరు నిద్రపోయేటప్పుడు చూడమనండి. కళ్లు ఒకటి రెండు మిల్లీమీటర్లు తెరుచుకునే ఉండటం తొలి వారాల్లో మామూలు. రాత్రి కంట్లో వేసుకునే ఆయింట్‌మెంట్ దానికే. లేకపోతే తెల్లవారేసరికి కనుగుడ్డు పై పొర ఎండి గీసుకుపోతుంది.

12వ రోజు: విమానం

క్యాబిన్ గాలిలో తేమ 20 శాతం కంటే తక్కువ. ప్రిజర్వేటివ్ లేని కృత్రిమ కన్నీళ్లు గంటకోసారి. సామాను పైఅరలోకి ఎత్తే పని ఇంకొకరికి. నడవ వైపు సీటు, మద్యం వద్దు.

ఇంటికి వచ్చాక

కంటి మేకప్ కుట్లు విప్పిన వారం పది రోజులకు, అదీ గీత మూసుకున్నాకే. లెన్సులు మూడు నాలుగు వారాల తర్వాత. రెప్పను వేలితో లాగి లెన్సు పెట్టడమే గీతకు ప్రమాదం. వెంట్రుకల దగ్గర మొద్దుబారినట్టు ఉండటం వారాల నుంచి నెలల దాకా సాగుతుంది. నెల నాటికి వాపు చాలా భాగం దిగుతుంది, మూడో నెలలో ఎర్రటి గీత పాలిపోతుంది. మడత అసలు ఎత్తు ఆరో నెలకు గానీ తేలదు. దిద్దుబాటు కూడా ఆరు నెలల ముందు వద్దు. గట్టిపడిన మచ్చ మెత్తబడకుండా కోస్తే కొత్త మచ్చ దానికి తోడవుతుంది. దీనికి మినహాయింపులు ఉన్నాయి: కన్ను మూసుకోకపోవడం, చూపు తగ్గడం, చీము పట్టడం. వీటికి ఆగకూడదు.

దారం పద్ధతి వాళ్లకు వారాలో నెలలో గడిచాక కంట్లో ఏదో గుచ్చుకుంటున్నట్టు ఉంటే, ముడి రెప్ప లోపలి వైపు బయటపడి కనుగుడ్డును గీస్తుండొచ్చు. కంటిచుక్కల మందుతో రోజులు నెట్టకుండా కంటి డాక్టరుకు రెప్ప తిరగేసి చూపించాలి.

తగాదా వస్తే కొరియాలో 2012లో ఏర్పడిన వైద్య వివాదాల మధ్యవర్తిత్వ సంస్థకు విదేశీయులు కూడా దరఖాస్తు చేయొచ్చు. నష్టం తెలిసిన నాటి నుంచి 3 ఏళ్లు, ఆపరేషన్ నాటి నుంచి 10 ఏళ్లు గడువు. మరణం, తీవ్ర వైకల్యం లాంటి కేసుల్లో తప్ప, క్లినిక్ ఒప్పుకుంటేనే విచారణ మొదలవుతుంది. సీసీటీవీ రికార్డును మాత్రం 30 రోజులే ఉంచాలని నియమం. మీరు ఇంటికి చేరేసరికే అందులో ఎనిమిది రోజులు గడిచిపోతాయి. అనుమానం ఉంటే ఆ తేదీని క్యాలెండర్‌లో రాసుకుని, ఇంకా చాలా రోజులు మిగిలి ఉండగానే రికార్డు చెరిపేయకుండా భద్రపరచమని క్లినిక్‌కు రాతపూర్వకంగా పంపాలి.